నలభై ఒక్క పెట్టెల దారి

లోవెల్ స్టెన్‌రుడ్ మా నార్డాల్ చుట్టుపక్కల పల్లె రోడ్ల మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాడు. అన్నేళ్ళలో ఒక్క కవరు తప్పు పెట్టెలో పడలేదు. అమెరికాలో మా విస్కాన్సిన్ రాష్ట్రపు మంచు గురించి మీరు వినే ఉంటారు. రోడ్డు పక్కన ఇంటింటికీ పాతిన ఉత్తరాల పెట్టెలన్నీ పూడుకుపోయిన రోజుల్లో కూడా లోవెల్ పారతో సరిగ్గా తవ్వాల్సిన చోటే తవ్వి, కరెంటు బిల్లు లోపల పడేసి, మూత వేసి మరీ వెళ్ళేవాడు. అలాంటి మనిషి రోడ్డు దిగి చెట్లలోకి ఇరవై అడుగులు వేశాడంటే మాత్రం తూర్పేదో పడమరేదో తెలియదు.

ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. కిందటేడు అయోన్ సోలీకి మరీ దగ్గరగా తెలిసింది. ఆవిడ ఇంట్లో చర్చిలో పెట్టే అమ్మకానికి ఎనిమిదిమంది ఆడవాళ్ళు బొంతలు కుడుతున్నారు. వంటింటి కిటికీ అవతల ఒంటినిండా ఆకుల రంగు బట్టలు, మొహమంతా నల్ల రంగు, చేతిలో విల్లుతో ఒక ఆకారం వచ్చి నిలబడి అద్దం మీద తట్టింది. ఒకావిడ బొటనవేలికి సూది గుచ్చుకుంది. చెవులు వినపడని ముసలావిడ మాత్రం తల ఎత్తి, "ఏమయ్యా, ఉత్తరాలొచ్చాయా?" అని అడిగింది.

"అయోన్ గారూ, అడవి ఎటు?" అన్నాడట లోవెల్.

"నీ వెనకే ఉందయ్యా, అందులోంచేగా వచ్చావు!"

ఆవిడ అతణ్ణి లోపలికి పిలిచి ఆపిల్ కూరిన తీపి రొట్టె పెట్టింది. అతను రెండో ముక్క తింటున్న సమయానికి ఆరుగురు వేటగాళ్ళు మంచెలు దిగి, "లోవెల్! లోవెల్!" అని అరుస్తూ అతని కోసం వాగులన్నీ గాలిస్తున్నారు.

ఆ వేట గురించి రెండు మాటలు చెప్పాలి. మా ఊళ్ళో జింకలు తోటల్లో పూలు తిన్నాయి, రేగు మొక్కలు తిన్నాయి, ఆఖరికి క్రిస్మస్‌కి చర్చి తలుపుకి కట్టిన ఆకుల దండ కూడా తిన్నాయి. ఊరి హద్దుల్లో తుపాకీ పేల్చకూడదు. అందుకని ఏటా అక్టోబరు చివర పదిరోజులు ఊరివాళ్ళే ఊరి అడవిలో విల్లంబుల వేట పెడతారు. ఇరవైనాలుగు మందికే చోటు. నడిపేది మార్లిస్ ఓడెగార్డ్. ఒకప్పుడు బడి బస్సులన్నిటినీ రేడియోలో నడిపించిన మనిషి. ఆవిడ గొంతు వింటే యాభై ఏళ్ళవాడు కూడా సీట్లో సర్దుకుని కూర్చుంటాడు.

పొద్దుటి వేట అయ్యాక పాత ఫైర్ స్టేషన్లో అందరూ కలిసి భోంచేస్తారు. జింక మాంసం, చిక్కుడు గింజలు వేసిన ఎర్రటి పులుసు, చీజు ముక్కలు, అబద్ధాలు. ఆ బల్ల దగ్గర కిటికీ పక్క మడత కుర్చీలో లోవెల్ ఇరవైరెండేళ్ళుగా కూర్చుంటున్నాడు. అన్నేళ్ళలో కొట్టిన జింకలు నాలుగే. అయినా ఏడాది పొడుగునా అతని మాటల్లో ఆ కుర్చీయే. రిటైరైనప్పుడు దిగులు పడలేదు గానీ, ఆ కుర్చీ పోతే తట్టుకోలేడని వాళ్ళావిడ కోరిన్ నాతో చాలాసార్లు అంది.

అయోన్ ఇంటి వ్యవహారం తర్వాత మార్లిస్ కొత్త నియమం పెట్టింది. ఎవరికోసం మిగతావాళ్ళు మంచెలు దిగి వెతకాల్సి వస్తుందో, వాళ్ళ చోటు వచ్చే ఏడు వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి పోతుంది. ఆ మొదటివాడు గేలెన్ రూడ్. కోరిన్ సొంత తమ్ముడు.

*

వేట మొదలయ్యే ముందురోజు లోవెల్ నా హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చాడు. గేలెన్ అప్పటికే కాఫీ ఫ్లాస్కు పక్కన స్టూలు మీద స్థిరపడి ఉన్నాడు. ఆ నెలలో రోజూ అక్కడే ఉన్నాడు.

"వెర్న్, చెట్లకి గుర్తులు కట్టే టేపుందా?"

"ఏ రంగు కావాలి లోవెల్ గారూ?"

"నాకు కనపడేది."

"గులాబీ రంగుది తీసుకోండి. చంద్రుడి మీంచి చూసినా కనపడుతుంది."

"చంద్రుడి మీంచి నేనెందుకు చూస్తానోయ్?"

"మీరు ఎక్కడ తేలతారో ముందే ఎవరు చెప్పగలరు?"

గేలెన్ కాఫీ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "బావా, మోకాళ్ళెలా ఉన్నాయి?"

"నీ మోకాళ్ళ కంటే బాగున్నాయి."

"కళ్ళు? చలికి నీళ్ళు కారడం గట్రా..."

"నా కళ్ళ సంగతి నీకెందుకురా?"

"ఊరికే అడిగాను. బావ ఆరోగ్యం కనుక్కోకూడదా?"

ఆ గులాబీ రంగు టేపు గురించి నేను లోవెల్‌కి చెప్పని విషయం ఒకటుంది. వేసవిలో ఆర్డరు పెట్టేటప్పుడు రెండు పెట్టెలనబోయి ఇరవై పెట్టెలు తెప్పించాను. దాన్ని వదిలించుకోవడానికి ఆ వారమంతా వేటగాళ్ళలో నా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చంద్రుడి మాటే చెప్పాను. లోవెల్ పన్నెండోవాడు.

ఫలితం మర్నాడు తెల్లవారకముందే తేలింది. లోవెల్ మధ్యాహ్నం కట్టుకొచ్చిన టేపు ముక్కల్ని పట్టుకుని, టార్చి వేసుకుని, ఒక్కొక్కటే లెక్కపెడుతూ నడిచాడు. చెట్టు వచ్చింది. నిచ్చెన వచ్చింది. సగం ఎక్కాక పైనుంచి గొంతు వినపడింది.

"ఇక్కడ ఇద్దరికి చోటు లేదు లోవెల్."

"డ్వేన్? నా మంచె మీద నువ్వేం చేస్తున్నావు?"

"నా మంచె మీద నేనే ఉన్నాను. నీది అటు, వాగు అవతల. నువ్వు మొదటినుంచీ నా టేపులు పట్టుకునే వచ్చావు."

"మరి నా టేపులేమయ్యాయి?"

"బహుశా వాటిని పట్టుకుని ఇంకెవడో నీ మంచె ఎక్కి ఉంటాడు. కాఫీ తాగుతావా?"

ఫైర్ స్టేషన్లో మధ్యాహ్నానికి అందరూ చెంచాలతో బల్ల మీద కొడుతూ నవ్వారు. మార్లిస్ నవ్వలేదు.

"నీకోసం ఎవరూ దిగలేదు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోను," అంది. "కానీ లోవెల్, ఇదే ఆఖరు. చెట్టు కింద కూలబడి 'నేనెక్కడున్నాను' అని నాకు రేడియోలో వినపడిందంటే, నీ కుర్చీ మడత పెట్టేస్తాను."

*

ఆ సాయంత్రం మళ్ళీ వచ్చాడు. మొహం చూస్తే నా ఇరవై పెట్టెలూ గుర్తొచ్చాయి.

"ఇంకో టేపు చుట్ట ఇవ్వు. అలాగే నల్ల మార్కరు పెన్ను. వానకి చెరగనిది."

"మార్కరు ఊరికే తీసుకోండి," అన్నాను.

"ఎందుకూ?"

"ఊరికే."

నా వంక, నా వెనక పేర్చి ఉన్న గులాబీ టేపు పెట్టెల వంక చూశాడు. మార్కరు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది కోరిన్ చెప్పింది. వంటింటి బల్ల ముందు కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టి, కళ్ళు మూసుకున్నాడట. "నా రోడ్డు మీద నేనెప్పుడైనా తప్పిపోయానా?" అని తనలో తనే అన్నాడట. కళ్ళు తెరిచి టేపు ముక్కలు కత్తిరించి వాటిమీద పేర్లు రాయడం మొదలెట్టాడు. పోస్టాఫీసు దాటగానే వచ్చే మొదటి పెట్టె ఎవరిది, రెండోది ఎవరిది, మలుపు తర్వాత ఎవరిది, అలా అతని పాత రోడ్డు మీద ఉన్న నలభై ఒక్క పెట్టెలూ వరసగా. నలభై ఒకటోది అతని సొంత ఇల్లే. రోజూ ఆఖరి ఉత్తరాలు తన పెట్టెలో వేసుకుని బండి ఆపేవాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ వేటలో లేని సమయం చూసి పాత టేపులు విప్పేసి, అడవి గేటు నుంచి తన మంచె దాకా ముప్ఫైనాలుగు పెట్టెలు కట్టాడు. ఒక్కొక్కటీ దారికి కుడివైపే, ఉత్తరాల బండికి పెట్టె ఎటు ఉంటుందో అటు. మిగిలిన ఏడూ, టేపు చుట్టా, మార్కరూ జేబులో పెట్టుకున్నాడు.

ఎవరితోనూ చెప్పలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

డ్వేన్ బక్కె ఆ పక్కనుంచి వెళ్తూ చెట్టుకి కట్టిన టేపు మీద తన పేరు చూసుకున్నాడు. ముందుకెళ్తే ఇంకో చెట్టు, ఇంకో పేరు. ఫోన్లో ఫొటోలు తీసి సాయంత్రం నా దుకాణంలో చూపించాడు. ఊరు ఊరంతా నా గల్లాపెట్టె చుట్టూ మూగింది.

"మన పేర్లు చెట్లకి ఎవడు కట్టాడు?"

"అందులో చచ్చిపోయినవాళ్ళు కూడా ఉన్నారు! టిల్డా మో పోయి ఆరేళ్ళయింది!"

"మిగతావాళ్ళ శవపెట్టెలకి కొలతలు తీస్తున్నారేమో," అన్నాడు సందు దొరికితే వదలని డ్వేన్.

అయోన్ సోలీ ఫోను లాక్కుని కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "నేనేదీ? ఇదిగో, నేను. నా పక్కన ఆ కన్నమేంటి?"

"ఉడుము లాంటిదేదో ఉంటుంది. కాదు, కంపు కొట్టేది. స్కంకు," అన్నాడు డ్వేన్.

"స్కంకు కన్నం పక్కన కట్టాడా నన్ను? ఎవడు వాడు?"

ఆ గుంపు వెనక, మేకుల డబ్బాల పక్కన, లోవెల్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"నేనే," అన్నాడు. "అవి... నా రోడ్డు. వరసగా వెళ్తే తప్పిపోనని."

అప్పుడు అయోన్, "అలాగా. మరి నాకు ముందు సోరెన్ వాళ్ళు ఉండాలి కదా?" అంది.

"ఉన్నారు. వాగు వంతెన దగ్గర."

"నాకు స్కంకు, సోరెన్‌కి వంతెనా!"

ఆ తర్వాత ఇంకా గోలయింది. ఎవరికి ఏ చెట్టు వచ్చిందో అందరికీ తెలియాలి. హారియెట్ అనే ఆవిడకి అసలు చెట్టే రాలేదని కోపం. ఆవిడ ఇల్లు మారి వేరే రోడ్డుకి వెళ్ళి పదిహేనేళ్ళయింది. అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు గేలెన్. పదిహేడో పెట్టె అతనిది. ఫొటోలో అతని పేరు నిలువునా పుచ్చిపోయి, తొర్రలు పడి, ఒక పక్కకి వాలిన చెట్టుకి వేలాడుతోంది.

"ఇదా బావా, నాకిచ్చిన మర్యాద?"

"అక్కడ ఇంకో చెట్టు లేదురా."

"అడవిలో చెట్టు లేదా!"

గేలెన్ కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ నెలలో అలా వెళ్ళడం అదే మొదటిసారి.

*

మూడోరోజు పొద్దున పొగమంచు. లోకాన్ని పాలగిన్నెలో పెట్టి మూత వేసినట్టుంది. వాకీటాకీలకి బ్యాటరీలు తగ్గాయని మార్లిస్ కబురు పెడితే అడవి గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. గేలెన్ అక్కడున్నాడు. ఎందుకొచ్చావంటే, "ఊరికే," అన్నాడు.

ఎనిమిది దాటాక మార్లిస్ చేతిలో రేడియో గరగరమంది.

"మార్లిస్, లోవెల్‌ని. ఆడ జింకకి బాణం తగిలింది. గంటసేపు ఆగి వెళ్ళాను. పడిపోయి ఉంది. ఈడ్చడానికి సాయం కావాలి."

"ఎక్కడున్నావు?"

కొంచెంసేపు గరగర.

"మా ఇల్లు దాటి మూడు ముద్రల దూరంలో."

మార్లిస్ రేడియోని దూరంగా పెట్టి చూసింది, అదేదో తప్పు కూసినట్టు.

"చూశారా," అన్నాడు గేలెన్. "వాళ్ళ ఇల్లు ఇక్కడికి నాలుగు మైళ్ళు. పాపం, ఎక్కడున్నాడో తెలియదు. తప్పిపోయాడంతే. మనుషుల్ని దింపాలి."

మార్లిస్ గేటు అవతల మొదటి గులాబీ ముక్క వైపు చూసింది. ఆవిడ ఇంటి పెట్టె కూడా ఆ రోడ్డు మీదే. తొమ్మిదోది.

"ఎవర్నీ దింపను," అంది. "ఇక్కణ్ణించి తిన్నగా నడుస్తాను. అతను కట్టిన దారి నన్ను అతని దగ్గరికి చేరిస్తే తప్పిపోనట్టు. మధ్యలో దారి తెగి నేను వెతకాల్సి వస్తే, తప్పిపోయినట్టే. ఇద్దరూ నాతో రండి, సాక్ష్యానికి." మిగతా వేటగాళ్ళందరినీ బాణాలు కింద పెట్టమని రేడియోలో చెప్పింది. ముగ్గురం బయల్దేరాం.

పదడుగుల అవతల ఏమీ కనపడదు. కానీ ఒక పేరు చదవగానే తర్వాతి పేరు మా నోట్లో ఉండేది. నేను రెండో పెట్టెని. నా టేపు చక్కటి బర్చ్ చెట్టుకే ఉంది, ఆ సంగతి గేలెన్‌కి వినపడేలా పైకి అన్నాను. తొమ్మిది దగ్గర మార్లిస్ తన పేరుని వేలితో ఓసారి సరిచేసింది. వంతెన దగ్గర సోరెన్ వాళ్ళు. ముక్కు మూసుకుని అయోన్‌ని దాటాం. పదిహేను, పదహారు.

పదహారు సేథర్ వాళ్ళది. అక్కడ దారి మూడుగా చీలింది. ఏ పక్కా గులాబీ రంగు లేదు.

మార్లిస్ ఒక దారిలో పదడుగులు వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండో దారిలో వెళ్ళి వచ్చింది. "సేథర్ వాళ్ళ తర్వాత ఎవరు?" అంది.

నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. ఇద్దరం గేలెన్ వైపు చూశాం.

"నేనే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"మరేదీ నువ్వు?"

చెట్ల మీంచి నీటి చుక్కలు టపటపా రాలుతున్నాయి. మార్లిస్ గడియారం చూసింది.

"అయితే దారి తెగినట్టే," అంది. అన్నది గానీ ఆ గొంతులో బడి బస్సుల దర్పం లేదు. "వచ్చే ఏడు నుంచి కిటికీ పక్క కుర్చీ నీది గేలెన్."

రేడియోలో లోవెల్ గొంతు వచ్చింది, హుషారుగా: "మార్లిస్, ఎందాకా వచ్చారు? శాండ్‌విచ్ మూడు ముక్కలు చేసి ఉంచాను."

గేలెన్ రెండు కాళ్ళూ మార్చి మార్చి నిలబడ్డాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. చివరికి కోటు జేబులోకి చెయ్యి పెట్టి, ఉండచుట్టిన గులాబీ రంగు ముక్క ఒకటి బయటికి లాగాడు.

"నిన్న చీకటి పడ్డాక వచ్చి పీకేశాను," అన్నాడు. "పుచ్చు చెట్టుకి నా పేరేంటని. నన్నలా చూడకండి. ఎడమ దారి. రండి."

అతనే ముందు నడిచాడు. ముప్ఫై అడుగుల్లో ఆ వాలిన చెట్టు మంచులోంచి ముసలాడిలా వచ్చింది. టేపు ముక్కని మోకాలి మీద సాపు చేసి, తన పేరు పైకి కనపడేలా తనే కట్టాడు. చుట్టూ చూశాడు. నిజంగానే అక్కడ ఇంకో చెట్టు లేదు, అన్నీ ముళ్ళ పొదలే.

"కట్టడానికి ఇదొక్కటే ఉంది," అన్నాడు సణుగుతూ.

"అతనూ అదే చెప్పాడు," అంది మార్లిస్.

ఆ తర్వాత పరుగులాంటి నడక. పద్దెనిమిది, ఇరవై ఆరు, ముప్ఫైనాలుగు దగ్గర ఖాళీ మంచె. అక్కణ్ణించి ఆకుల మీద నెత్తురు చుక్కలు, వాటి పక్కనే ముప్ఫైఅయిదు, ముప్ఫైఆరు. నలభై ఒకటి దగ్గర "స్టెన్‌రుడ్, ఇల్లు" అని ఉంది. జింక మాత్రం అతని ఇంటి దగ్గర ఆగలేదు. రోడ్డు అయిపోయింది, పేర్లు అయిపోయాయి. ఆ తర్వాతి కొమ్మకి వణుకుతున్న అక్షరాలతో, చేరని ఉత్తరాల మీద పోస్టాఫీసువాళ్ళు కొట్టే ముద్ర, "చిరునామా సరిపోదు". దాని తర్వాత, "ఇల్లు మారినారు". ఇంకో పాతిక అడుగుల అవతల, "పంపినవారికి తిరిగి పంపవలెను".

మార్లిస్ ఆ మూడో ముద్ర దగ్గర చెట్టుకి ఆనుకుని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. ఆ నవ్వు విని పొగమంచులోంచి లోవెల్ లేచాడు. పక్కన బలిసిన ఆడ జింక, దుంగ మీద ఫ్లాస్కు, మూడు శాండ్‌విచ్ ముక్కలు.

"ఏం, తప్పిపోయారా?" అన్నాడు. "తొమ్మిది నిమిషాలు ఆలస్యం."

"పదిహేడు దగ్గర ఆగాం," అంది మార్లిస్.

"అవును, పొద్దున నేనూ చూశాను. ఎవరో పీకేశారు. పెట్టె లేకపోయినా ఇల్లెక్కడుందో తెలుసుగా. ఆ ఇంటి కుక్క నన్ను రెండుసార్లు కరిచింది." బావమరిది వైపు ఓసారి చూశాడు.

గేలెన్ వంగి జింక వెనక కాళ్ళు పట్టుకున్నాడు. "లాగు బావా. అందరం ఇక్కడే కాపురం పెట్టేలా ఉన్నాం."

*

ఆ మధ్యాహ్నం ఫైర్ స్టేషన్లో కిటికీ పక్క ఇంకో మడత కుర్చీ వేశారు. వేటకి ఇరవైనాలుగు మందే గానీ, జింకని ఈడ్చేవాళ్ళకి లెక్క లేదని మార్లిస్ అప్పటికప్పుడు కొత్త నియమం చేసింది. గేలెన్ ఆ కుర్చీలో కూర్చుని, పదిహేడో పెట్టె తానే కనిపెట్టానని నాలుగుసార్లు చెప్పాడు. లోవెల్ నాలుగుసార్లూ తల ఊపాడు.

వేట ముగిశాక కట్టిన టేపంతా విప్పాలి. లోవెల్ విప్పాడు, అంతటితో ఊరుకోలేదు. ఒకరోజు పొద్దున తన పాత కారులో పాత రోడ్డు మీద బయల్దేరి ఎవరి ముక్క వాళ్ళ ఉత్తరాల పెట్టెలో వేసి వచ్చాడు. ఇప్పుడు ఆ రోడ్డుకి వచ్చే పోస్టమ్మాయి కెండ్రా అవన్నీ ఏరి, రబ్బరు బ్యాండు వేసి, "తపాలా బిళ్ళలు లేవు" అని చీటీ పెట్టి అతని ఇంటికే తెచ్చి ఇచ్చింది. మా చట్టం ప్రకారం ఉత్తరాల పెట్టెలో బిళ్ళ లేనిది వేయకూడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మాట జనానికి చెప్పిన మనిషే ఈ పని చేశాడు.

"ఆ పిల్ల చేసింది సబబే," అన్నాడు నాతో, చెవులు మళ్ళీ ఎర్రబడి. గొంతులో మాత్రం గర్వం. "రోడ్డు మంచి చేతుల్లో ఉంది."

కవర్లు కొన్నాడు, బిళ్ళలు అంటించాడు. గురువారం అందరికీ అందాయి. అయోన్ తన ముక్కని ఫ్రిజ్ తలుపు మీద పెట్టింది, స్కంకు బొమ్మ గీసి. టిల్డా మో కవరు మాత్రం నియమం ప్రకారం తిరిగి అతని దగ్గరికే వచ్చింది. వంటింటి కిటికీలో పెట్టుకున్నాడు.

నా ముక్క గల్లాపెట్టె పక్కన అంటించాను. అందరికీ కనపడేది ముందువైపు, నా పేరున్న వైపు. వెనకవైపు నల్ల మార్కరుతో, నేను ఊరికే ఇచ్చిన ఆ మార్కరుతోనే, ఇంకో లైను ఉంది. "వెర్న్, వచ్చే ఏడు గులాబీ రంగు రెండు పెట్టెలే తెప్పించు."